చైత్రపు ఎండలో మగవారి పరిమళాలు

(ఉగాదికి ముందు వారంలో కడపలో జరిగిన ఒక సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు నమస్కారం. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు రాబోయే ఉగాది శుభాకాంక్షలు.

వసంతంలో మగవాళ్ళు ఎలాంటి సెంటు వాడితే బాగుంటుంది అన్నది ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం. ఇది చిన్న విషయమని కొందరికి అనిపించవచ్చు, నాకు మాత్రం ఎన్నడూ అలా అనిపించలేదు. ఇంటి నుంచి బయటికి అడుగు పెట్టేముందు చొక్కా ఎంత శ్రద్ధగా ఎంచుకుంటామో ఒంటిమీది వాసనను కూడా అంతే శ్రద్ధగా ఎంచుకోవాలని నమ్మేవాణ్ణి నేను. చొక్కా రంగు నచ్చకపోతే ఎదుటివాళ్ళు చూపు తిప్పుకోగలరు గానీ, బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు ఊపిరి పీల్చకుండా ఉండలేరు కదా.

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. వసంతానికి ఇది అనువైన సెంటు అని ప్రకటనల్లోనూ వీడియోల్లోనూ మనకు అందే సలహాలు ఎక్కువగా చల్లని దేశాల వసంతాన్ని మనసులో పెట్టుకుని చెప్పినవి. పారిస్ నగరంలో ఏప్రిల్ నెల మధ్యాహ్నపు ఉష్ణోగ్రత సగటున 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడి మనిషి ఉన్ని కోటు తీసి పక్కన పెట్టి, పల్చటి చొక్కాతో బయటికి వచ్చి, కొత్తగా పూసిన పూల మధ్య నడిచే కాలం అది. మన కడపలో మార్చి నెలలోనే మధ్యాహ్నం 37, 38 డిగ్రీలు కావడం మామూలే, చైత్రం నడుస్తుండగానే 40 తాకుతుంది; కర్నూలు, అనంతపురం కూడా ఇంతే. వాళ్ళకు వసంతం చలి విడుపు, మనకు ఎండ రాక. అక్కడి లెక్కతో ఎంచుకున్నది ఇక్కడ నిలబడదు.

ఇంకో తేడా కూడా ఉంది. నెల్లూరులోనో విజయవాడలోనో ఉండే బంధువు ఫలానా సెంటు పొద్దున పూసుకుంటే రాత్రి దాకా పోదని మెచ్చుకుంటే, ఆ మాట విని కొన్నవాళ్ళకు ఇక్కడ నిరాశే ఎదురవుతుంది. కోస్తాలో గాలి తేమగా ఉంటుంది, చర్మం కూడా కాస్త తడిగానే ఉంటుంది, ఆ తేమలో వాసన ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. మన దగ్గర శివరాత్రి దాటిందంటే పెదవులు పగిలే పొడిగాలి మొదలవుతుంది. ఎండిన చర్మం మీద పరిమళ తైలాలు ఎక్కువసేపు నిలవవు. వేడి వాటిని ఆవిరి చేస్తుంది, గాలి ఆ ఆవిరిని ఎత్తుకుపోతుంది. ఒకే సీసాలోని సెంటు అక్కడ బరువనిపిస్తుంది, ఇక్కడ మాయమైనట్టు అనిపిస్తుంది.

అయితే సెంటు మొత్తం ఒకేసారి మాయం కాదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న విషయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. సెంటులో ఉండే పదార్థాలు కొన్ని తేలికవి, కొన్ని మధ్యస్థం, కొన్ని బరువైనవి. తేలికవి ముందు ఎగిరిపోతాయి, బరువైనవి చివరిదాకా ఉంటాయి. చల్లని దేశంలో ఈ మూడు పొరలూ నింపాదిగా, ఒకదాని వెనుక ఒకటి విచ్చుకుంటాయి. మన ఎండలో పై పొర చూస్తుండగానే పోతుంది, నడిమి పొర తొందరపడుతుంది, అడుగు పొర మటుకు మధ్యాహ్నం పన్నెండుకే పూర్తిగా బయటికి వచ్చి సాయంత్రం దాకా మనతో ఉంటుంది. కాబట్టి రాయలసీమలో వసంతానికి సెంటు కొనే మనిషి, దుకాణంలో మూత తీయగానే వచ్చే మొదటి వాసనను చూసి కాక, దాని అడుగు పొరను చూసి కొనాలి.

దీన్ని చూపించడానికే ఒక చీనీ కాయ, అదే బత్తాయి, దాని కొమ్మవి నాలుగు ఆకులు తెచ్చాను. అనంతపురం జిల్లాలోనూ మన పులివెందుల వైపూ చీనీ తోటలున్న రైతులు ఈ సభలో ఉండే ఉంటారు, వాళ్ళకు ఇది కొత్త కాదు. ఈ తొక్కను ఇలా మధ్యకు వంచి నొక్కితే సన్నటి తుంపర లేస్తుంది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు ఆ వాసన ఇప్పుడు తగిలింది. వెనక వరసకు చేరేలోపే అది పల్చబడిపోతుంది. తొక్కలోని నూనెలో అత్యధిక భాగం లిమొనీన్ అనే పదార్థం, ఆవిరి కావడంలో దానికి ఉన్న తొందర అంతటిది. నిమ్మ, నారింజ, ఇటలీలోని కలాబ్రియా ప్రాంతంలో ఎక్కువగా పండే బెర్గమాట్ వంటి పుల్లని కాయల తొక్క నూనెలన్నీ ఈ జాతివే. సీసా మూత తీయగానే ప్రాణం లేచివచ్చినట్టు అనిపించే తాజాదనం వీటిదే, అందరికంటే ముందు సెలవు తీసుకునేవీ ఇవే.

ఇప్పుడు ఈ ఆకును నలిపి వాసన చూడండి. అదే చెట్టు, వాసన వేరు. కొంచెం పచ్చిగా, కొంచెం చేదుగా, కాస్త కట్టె వాసన కలిసి ఉంటుంది, ఇది తొక్క కంటే ఎక్కువసేపు వేళ్ళకు నిలుస్తుంది. ఇక మాఘ ఫాల్గుణాల్లో చీనీ తోట పూతకు వచ్చినప్పుడు, తెల్లవారుజామున గట్టు మీద నిలబడితే ఎలాంటి వాసన వస్తుందో తోట ఉన్నవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. సెంటు పరిశ్రమకు ఆకునూ పువ్వునూ ఇచ్చేది మన చీనీ వంటి తియ్యనారింజ కాదు, చేదు నారింజ. ఆ చెట్టు ఆకులనూ లేత కొమ్మలనూ బట్టీ పట్టి తీసిన నూనెను పెటిగ్రెయిన్ అంటారు, పూలను బట్టీ పట్టి తీసినదాన్ని నెరోలి అంటారు. ట్యునీషియా, మొరాకో దేశాల్లో దీన్ని తీస్తారు. కిలో నెరోలి నూనె రావాలంటే సుమారు టన్ను పూలు కావాలి. ఒకే చెట్టు తొక్కలో తేలిక వాసన, ఆకులోనూ పూతలోనూ కాస్త నిలిచే వాసన ఉన్నాయి గానీ, సాయంత్రం దాకా నిలిచేది ఆ చెట్టులో లేదు. అది వేరే చోటు నుంచి, అంటే వేరులోంచో చేవ కట్టెలోంచో రావాలి.

యూరపులో మగవాళ్ళ వసంత పరిమళమన్న భావన ఈ నారింజ పూల దగ్గరే మొదలయిందని చెప్పవచ్చు. ఇటలీలో పుట్టి జర్మనీలోని కొలోన్ నగరంలో స్థిరపడిన యోహాన్ మరియా ఫరీనా తాను తయారు చేసిన కొత్త పరిమళం ఇటలీ వసంతకాలపు ఉదయాన్ని, వాన వెలిసిన తర్వాతి నారింజ పూలను గుర్తుకు తెస్తుందని 1708లో తన సోదరుడికి ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది, 1709లో, ఆ నగరంలో అతని కుటుంబ వ్యాపారం మొదలైంది. ఓ డి కొలోన్ అని మనం ఇప్పటికీ పిలుచుకునేది ఆ ఊరి పేరు మీద నిలిచిన పరిమళాన్నే. అది చాలా తేలికైనది, పుల్లని కాయలు, పూలు, మూలికలు దాని ప్రాణం. మన చైత్రంలో స్నానం చేసి వచ్చాక అది పూసుకుంటే హాయిగానే ఉంటుంది, కానీ ఆ హాయి మనం చెప్పులు వేసుకుని వీధి మలుపు తిరిగేదాకానే. దాన్నే నమ్ముకుంటే రోజుకు మూడుసార్లు పూసుకోవలసి వస్తుంది. జేబులో చిన్న సీసా పెట్టుకుని అలా పూసుకోవడం తప్పేమీ కాదు, ఎండాకాలానికి అదొక మర్యాదైన పద్ధతి.

గాఢత గురించి రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. కొలోన్‌లో పరిమళ తైలం వందకు రెండు నుంచి నాలుగు పాళ్ళు, ఓ డి టాయిలెట్‌లో ఐదు నుంచి పదిహేను దాకా, ఓ డి పర్ఫ్యూమ్‌లో పదిహేను నుంచి ఇరవై దాకా ఉంటుంది; మిగిలినదంతా దాదాపు స్పిరిటు. ఇది కంపెనీని బట్టి మారుతుంది, చట్టం గీసిన గీత కాదు. మన వసంతానికి ఓ డి టాయిలెట్ సరిపోతుందన్నది నా అభిప్రాయం.

ఇక అడుగు పొర దగ్గరికి వద్దాం. ఇక్కడే నేను ఎక్కువసేపు నిలబడాలనుకుంటున్నాను.

శీతాకాలానికని తయారైన సెంట్లలో వెనీలా, టోంకా గింజ, దాల్చిన చెక్క, బంకల తియ్యదనం, ఊదు ఎక్కువగా ఉంటాయి. డిసెంబరు రాత్రి అవి కప్పుకున్న శాలువాలాగా ఉంటాయి. అవే 40 డిగ్రీల ఎండలో ఒక్కసారిగా పైకి లేచి, తియ్యగా, చిక్కగా గొంతును పట్టుకుంటాయి, పక్కనున్నవాళ్ళకు తలనొప్పి తెప్పిస్తాయి. పై పొరలో నిమ్మ ఉంది కదా అని ఇలాంటిదాన్ని కొంటే, ఆ నిమ్మ పోయాక మిగిలే ఏడెనిమిది గంటలూ ఆ తియ్యదనంతోనే గడపాలి. కాబట్టి మన వసంతానికి అడుగు పొర తియ్యగా ఉండకూడదు, పొడిగా, చల్లగా, మట్టికి దగ్గరగా ఉండాలి.

అలాంటి అడుగు పొర కోసం నేను మొదట చెప్పే పేరు వట్టివేరు. మన ఇళ్ళలో దీన్ని ఎరగనివాళ్ళు లేరు. ఎండాకాలం కుండలో నీళ్ళకు వట్టివేళ్ళ కట్ట వేస్తాం, కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లుతాం. ఎండిన వేరును ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన అంతగా రాదు. నీటి చుక్క పడగానే మట్టి, కట్టె, పచ్చిగడ్డి కలిసిన ఒక చల్లటి వాసన లేస్తుంది. అది గడ్డిజాతి మొక్క వేరు. దానిలోని నూనె చాలా చిక్కగా, బరువుగా ఉండి, నెమ్మదిగా ఆవిరి అవుతుంది, తనతో కలిసిన తేలిక వాసనలను కూడా కొంతసేపు పట్టి ఉంచుతుంది. బరువుగా ఉండి కూడా ఉక్కిరిబిక్కిరి చేయని గుణం సుగంధ ద్రవ్యాల్లో అరుదు. నేడు ప్రపంచానికి వట్టివేరు నూనెను ఎక్కువగా అందించేది హైతీ దేశం. మన ఉత్తరాదిలో అడవి వట్టివేళ్ళను రాగి బట్టీల్లో పట్టి తీసే నూనెను రూహ్ ఖస్ అంటారు, రాగి తగలడం వల్ల దానికి పచ్చటి రంగు వస్తుంది.

ఫ్రాన్సులో గెర్లాన్ సంస్థ 1959లో వట్టివేరు పేరుతోనే మగవాళ్ళకు ఒక సెంటు తెచ్చింది, అది ఇప్పటికీ అమ్ముడవుతోంది. పైన పుల్లని కాయలు, కింద వట్టివేరు, మధ్యలో పొగాకు, జాజికాయ ఛాయలు. 2006లో ఎర్మెస్ సంస్థ కోసం జాన్ క్లోడ్ ఎలెనా తయారు చేసిన టెర్ డెర్మెస్‌లో నారింజ, మిరియం, చెకుముకి రాయి తలపు, వాటి అడుగున వట్టివేరు, దేవదారు ఉంటాయి. ఈ రెండూ ఖరీదైనవే, వీటినే కొనమని నేను అనడం లేదు. నారింజ పైన, వట్టివేరు కింద అన్న అమరిక మన ఎండకు ఎంత బాగా నప్పుతుందో చూపడానికి చెప్పాను. ఇదే అమరికతో మన దేశంలో తయారైనవి, తక్కువ ధరవి దొరుకుతున్నాయి, వాసన చూసి పోల్చుకోవచ్చు.

వట్టివేరుకు తోడుగా మట్టి అత్తరు గురించి కూడా చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పట్టణంలో కాల్చిన మట్టిని రాగి దేగిసాలో నీటితో మరిగించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం ద్వారా గంధపు నూనె ఉన్న పాత్రలోకి దించి ఈ అత్తరు తీస్తారు. తొలకరికి మట్టి నుంచి లేచే వాసన ఎందుకు వస్తుందో 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వివరించారు: ఎండ రోజుల్లో రాళ్ళకూ మట్టికీ పట్టిన నూనె పదార్థాలు తడి తగలగానే విడుదలవుతాయి. వాటికి మట్టిలోని సూక్ష్మజీవులు తయారు చేసే జియోస్మిన్ అనే పదార్థం తోడవుతుందని తర్వాత తేలింది. వానకోసం ఎదురుచూసే సీమలో పుట్టినవాళ్ళకు ఈ వాసన మనసులో ఏ చోటును తాకుతుందో నేను వర్ణించలేను. చైత్రంలో, ఇంకా చినుకు జాడ లేని రోజుల్లో, ఛాతీ మీద ఒక చుక్క మట్టి అత్తరు పూసుకోవడం కన్నా మన నేలకు తగిన అలంకారం నాకు తెలియదు.

గంధం సంగతి వచ్చింది కనుక, కడపలో నిలబడి ఒక అపోహను తొలగించక తప్పదు. మన శేషాచలం, పాలకొండల అడవుల్లో పెరిగే ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ సువాసన లేదు. దాని విలువ దాని రంగులోనూ కట్టెలోనూ ఉంది. పరిమళమిచ్చేది శ్రీగంధం; అది వేరే కుటుంబానికి చెందిన చెట్టు, దాని చేవలో ఉండే శాంటలోల్ అనే పదార్థమే ఆ వాసనకు మూలం. ఎర్రచందనం పేరు అచ్చు వేసిన సెంటు కనిపిస్తే, ఆ పేరు చూసి ధర పెట్టకండి. శ్రీగంధం మటుకు మన వసంతానికి తగినదే. అది పాలలా మెత్తగా, చల్లగా ఉంటుంది, ఒంటికి దగ్గరగా మసలుతుంది. అసలైన గంధపు నూనె చాలా ఖరీదు, అందుకని నేటి సీసాల్లో ఎక్కువగా రసాయనశాలలో తయారైన గంధపు వాసనలే ఉంటాయి. వాటిని చిన్నచూపు చూడనక్కరలేదు, చెట్టును కాపాడుతున్నవి కూడా అవే.

పూల వాసన ఆడవాళ్ళకే అన్న మాట ఈ మధ్య కుర్రవాళ్ళ నోట వింటున్నాను. ఇది మన మాట కాదు. మన పెళ్ళికొడుకు మెడలో మల్లెలూ దవనమూ కట్టిన దండ వేస్తాం, అత్తరు రాసిన దూదిని చెవి మడతలో పెట్టుకునేది మగవాళ్ళే. కొండవీటి కుమారగిరి రెడ్డి 14వ శతాబ్దం చివర వసంతోత్సవాలు ఎంత ఘనంగా జరిపాడంటే ఆయనకు కర్పూర వసంతరాయలన్న బిరుదు నిలిచిపోయింది. ఆ ఉత్సవాలకు ద్వీపాంతరాల నుంచి కర్పూరమూ గంధమూ ఇతర సుగంధాలూ తెప్పించి ఇచ్చిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి, శ్రీనాథుడి కావ్యాన్ని అంకితం తీసుకున్నవాడు. తెలుగు నేల మీద వసంతమూ మగవాడి పరిమళమూ విడిగా ఎన్నడూ లేవు. ఆ బిరుదులో కర్పూరమే ఉండడం కూడా గమనించదగ్గది. కర్పూరం చర్మంలోని చల్లదనాన్ని గుర్తించే నరాలను తాకుతుంది, పుదీనాలోని మెంథాల్ మరింత బలంగా తాకుతుంది. రోజ్‌మేరీ, లావెండరు వంటి మూలికల్లోనూ కర్పూరం పాలు కొంత ఉంటుంది కాబట్టే అవి వేసిన సెంట్లు వేడిలో హాయినిస్తాయి.

పాశ్చాత్యులు కూడా ఈ సంగతి తెలుసుకున్నారు. 1966లో డియోర్ సంస్థకు ఎడ్మాండ్ రుద్నిట్స్కా తయారు చేసిన ఓ సవాజ్ మగవాళ్ళ సెంట్లలో ఒక మలుపు. మల్లె జాతి పూలలో కనిపించిన ఒక పదార్థాన్ని ఆధారం చేసుకుని రూపొందించిన హెడియోన్‌ను అందులో వాడారు. అది పువ్వు వాసనను గట్టిగా చాటదు, నిమ్మ తాజాదనానికి గాలీ వెలుతురూ ఇస్తుంది. మల్లెలు వచ్చే ఈ కాలంలో, పొడి అడుగు పొర మీద కాసింత పువ్వు ఉన్న సెంటును మగవాళ్ళు నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు.

సముద్రపు వాసన అని అమ్మే నీలిరంగు సీసాల గురించి కూడా అడుగుతారు. 1988లో వచ్చిన కూల్ వాటర్, 1996లో వచ్చిన ఆక్వా డి జియో ఆ దారిలో పేరున్నవి. వీటిలో కొన్నింటికి ఆ సముద్రపు గాలి తలపునిచ్చే కాలోన్ అనే పదార్థానికి కోసిన కళింగరకాయ వాసన కూడా ఉంటుంది. మొదటి గంట చాలా ఆహ్లాదంగా ఉంటాయి. పొడి చర్మం మీద తర్వాత్తర్వాత అవి కాస్త కరుకుగా మారతాయని నాకు అనిపిస్తుంది, అందుకని నేను వాటిని సాయంత్రాలకే ఉంచుకుంటాను.

ఇక దవనం. మల్లెల దండలో ఆ బూడిదరంగు పచ్చటి రెబ్బ లేకపోతే మన ఆడవాళ్ళు దండ కొనరు, చైత్రంలో దేవుడికి దవనం సమర్పించే ఆచారం మనకుంది. ఈ మొక్క ఎక్కువగా దక్షిణ భారతంలోనే సాగవుతుంది, ఈ నూనె ఇక్కడి నుంచే విదేశాలకు పోతుంది. ఎండిన పండు, టీ ఆకు, మూలిక కలిసినట్టుండే ఆ వాసనను అక్కడి సెంట్లలో ఎంతో విలువగా వాడుతున్నారు. దవనం నూనె ఒక్కొక్కరి ఒంటిమీద ఒక్కో తీరుగా విచ్చుకుంటుందని సుగంధ వృత్తిలోని వాళ్ళు చెబుతారు. దవనానికి బాగా పేరు వచ్చింది గానీ, ఈ గుణం కొద్దో గొప్పో ప్రతి సెంటుకూ ఉంది. అందుకే ఒకరి ఒంటిమీద బాగున్నదని మనం కొనకూడదు.

మరి ఎలా కొనాలి? మన పెద్దదర్గా దగ్గరి సందులో అత్తరు అమ్మే ఒక పెద్దాయన దగ్గర నేను నేర్చుకున్న పద్ధతి ఇది. గాజుపుల్లతో చేతి వెనక సన్నగా ఒక గీత గీసి, మనం డబ్బు తీయబోతుంటే ఆయన ఆపుతారు. "ఇప్పుడే వద్దు నాయనా. నీ పనులు చూసుకో, ఎండలో తిరుగు, అసర్ నమాజు వేళకు రా. అప్పటికీ నచ్చితే తీసుకుందువు" అంటారు. సాయంత్రం నాలుగున్నర దాటాక మిగిలేది అడుగు పొర. అది నచ్చితేనే కొనమని ఆయన చెప్పేది. నేను ఇంతసేపు చెప్పిన రసాయనమంతా ఆయన ఆ మూడు వాక్యాల్లో ఉంది.

పెద్ద దుకాణాల్లో ఏసీ గదిలో, కాగితపు పట్టీ మీద చల్లి ఇస్తారు. ఆ పట్టీ నచ్చనివాటిని వదిలించుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే. నచ్చిన ఒకటి రెండింటిని మోచేతి మడతలో ఒక్కో చోట చల్లించుకుని, రుద్దకుండా, ఎండలోకి రండి. ఒకే పూట రెండు మూడింటికి మించి చూస్తే ముక్కు అలసిపోతుంది. అప్పుడు సొంత చొక్కా చేతిని వాసన చూసి కాసేపు ఆగితే చాలు. ఇంటికి వెళ్ళాక భార్యనో అమ్మనో అడగండి, ఎందుకంటే మన ఒంటిమీది వాసనకు మన ముక్కు కొద్ది నిమిషాల్లోనే అలవాటుపడి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పోయిందనుకుని మళ్ళీ మళ్ళీ కొట్టుకునేవాళ్ళు ఎక్కువైంది ఈ కారణం వల్లే. వాసన మనకు తెలియకపోయినా ఎదుటివాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది.

పూసుకునే పద్ధతిలో మన ఎండ వల్ల వచ్చే జాగ్రత్త ఒకటుంది. బెర్గమాట్, నిమ్మ వంటి తొక్క నూనెల్లో కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కమిలి, గోధుమరంగు మచ్చలు పడతాయి, అవి నెలల తరబడి పోవు. అంతర్జాతీయ సుగంధ సంఘం వీటికి పరిమితులు పెట్టింది, మంచి కంపెనీలు ఆ పదార్థాన్ని తీసేసిన నూనె వాడుతున్నాయి. అయినా మెడ మీద, ముంజేతి మీద చల్లుకుని మధ్యాహ్నం బండి మీద తిరగడం మంచిది కాదు. స్నానం అయ్యాక కాస్త కొబ్బరినూనె రాసుకుని, చొక్కా కింద ఛాతీ మీద రెండు సార్లు చల్లుకుంటే వాసన నిలుస్తుంది, ఎండా తగలదు. తెల్ల పంచె, లాల్చీ మీద నేరుగా చల్లకండి. వెనీలా పాలు ఉన్న సెంట్లు గుడ్డ మీద రానురాను గోధుమరంగుకు తిరుగుతాయి, ఉతికినా వదలవు.

చెమటను సెంటుతో కప్పాలని చూడకూడదు. అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు, చంకల్లోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టినప్పుడే దుర్వాసన పుడుతుంది. రెండు పూటలా స్నానం, ఉతికిన బనియను, మంగలి దుకాణంలో గడ్డం గీశాక రాసే పటికను తడిపి చంకల్లో రాసుకోవడం, ఇవి ఏ ఖరీదైన సీసా కన్నా ముందు చేయవలసినవి. ఆ తర్వాత పూసుకున్న పరిమళమే పరిమళంగా ఉంటుంది.

ఎక్కడికి వెళుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ఆసుపత్రికి, పరీక్ష హాలుకు, ఇరుకైన షేర్ ఆటోకు వెళ్ళేటప్పుడు ఏమీ పూసుకోకపోవడమే మర్యాద, ఆయాసం ఉన్నవాళ్ళు పక్కన ఉండవచ్చు. ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం వెన్నెల రాత్రి జరుగుతుంది. అలాంటి చోట గంధమూ పువ్వూ ఉన్నది పూసుకోండి, రాత్రి గాలికి అది నిదానంగా విచ్చుకుంటుంది. ఏసీ ఉన్న కల్యాణ మండపంలో పెళ్ళయితే కాస్త బరువైనది కూడా చెల్లుతుంది. ఉగాది పొద్దున మన దేవుని కడప వరసలో కర్పూరమూ తులసీ, దర్శనానికి వచ్చిన ముస్లిం సోదరుల అత్తరూ కలిసి ఒక వాసన అవుతుంది, అక్కడ మన వంతుగా ఒక చుక్క చాలు.

సీసాను చీకటిగా, చల్లగా ఉండే చోట, బీరువా అడుగు అరలో పెట్టండి. బండి డిక్కీలో, కారు ముందు అద్దం కింద పెట్టకండి. వేడికీ వెలుతురుకూ పుల్లని కాయల వాసన ముందు చెడిపోతుంది, పైగా అందులో ఉన్నది మండే స్పిరిటు. గ్యాసుతో కొట్టే డియోడరెంటు డబ్బాల మీద 50 డిగ్రీలకు మించిన వేడి తగలనివ్వవద్దని అచ్చు వేసి ఉంటుంది, ఎండలో ఆపిన కారు లోపల ఆ వేడి రావడం కష్టమేమీ కాదు.

ఒక తమ్ముడు చీటీ పంపారు. "అన్నా, చదువుకుంటున్నాను, ఒక్కటే కొనగలను, ఏది కొనాలి?" అని అడిగారు. చెబుతాను నాయనా. పెద్ద సీసా జోలికి పోవద్దు. పైన నారింజో నిమ్మో, కింద వట్టివేరు ఉన్న ఓ డి టాయిలెట్ ఒకటి చిన్న సీసాలో గానీ, నమూనా గొట్టంలో గానీ తీసుకో. అంతకీ చేతిలో డబ్బు తక్కువైతే నేరుగా దర్గా సందుకు వెళ్ళి ఖస్ అత్తరు, అంటే వట్టివేరు అత్తరు, చిన్న సీసా అడుగు. ఏదైనా సరే, కాలేజీకి వెళ్ళే రోజు పొద్దున పూసుకుని, సాయంత్రం బస్సు దిగాక చొక్కా లోపలికి ఒకసారి వాసన చూసుకో. అప్పుడు మిగిలిన వాసన నీకు ఇష్టమైతే అది నీది. లేకపోతే చిన్న సీసాయే కనుక పెద్దగా పోయిందేమీ ఉండదు, వచ్చే నెల ఇంకొకటి చూద్దువు.